తూముకాడి ముచ్చట్లకు పాట వెతుకులాట: మా పాడ్‌కాస్ట్ డైరీ

నవంబర్ 10, ఆదివారం

మొదటి ఎపిసోడ్ పోయింది. పెట్టిన 2 రోజులకే ఆగిపోయింది. నిన్న పొద్దున దుకాణం షట్టర్ లేపుతుంటే తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, మనది బ్లాక్ చేసిండ్రు, ఏందో కాపీరైట్ అని రాసున్నది" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. అందులో మాట్లాడిన తాతను మేమే కలిశాం, మేమే రికార్డు చేశాం, మధ్యలో ఇంకొకరి హక్కు ఎక్కడిదని.

కొత్తగా చదివేవాళ్ల కోసం మా సంగతి చెప్తా. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మాకు జిరాక్స్ దుకాణం ఉంది. బాబాయి కొడుకు డిగ్రీ చదువుతూ సాయంత్రాలు నాతోపాటు కూర్చుంటాడు. ఇద్దరం కలిసి "తూముకాడి ముచ్చట్లు" అని పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాం. చెరువు తూము ఎత్తి దించి, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు పారాలో చూసుకునే నీరటికాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, వాళ్ల దగ్గరున్న లెక్క ఏ పుస్తకంలోనూ లేదు, కనీసం వాళ్ల గొంతైనా దాచిపెట్టాలని మా కోరిక. మొదటిది పానగల్ ఉదయసముద్రం కట్ట మీద ఒక తాతతో. 41 నిమిషాలు మాట్లాడాడు, కందూరు చోళుల కాలం నుంచి ఇప్పుడు ప్రాజెక్టు నీళ్లతో నిండేదాకా ఆ చెరువు కథ మొత్తం ఆయన నోట్లోనే ఉంది.

దానికి ముందు 22 సెకన్లు ఒక పాత సినిమా పాట పెట్టాం. 30 సెకన్ల లోపయితే ఏం కాదని అందరూ అంటారు కదా, మేమూ అదే నమ్మాం. ఆ 22 సెకన్ల కోసం 41 నిమిషాలు పోయాయి. తాత మనవడు ఊరి గ్రూపులో లింకు పంపితే అందరూ నొక్కి చూశారట, ఏం రాలేదట. తాత ఏమన్నాడో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

నవంబర్ 17

వారమంతా దుకాణంలో గిరాకీ లేనప్పుడల్లా ఇదే చదివాను. భారత కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో పెద్ద సవరణ జరిగింది. అందులో 30 సెకన్ల మాటే లేదు. 10 సెకన్ల మాటా లేదు. 52వ సెక్షన్‌లో మినహాయింపులు ఉన్నాయి, సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల వార్త, ఇలాంటివి. ఒక పాట గురించే మాట్లాడుతూ, దాని బాగోగులు చెప్పడానికి ఓ ముక్క వినిపిస్తే ఆ మినహాయింపు కింద వాదించుకోవచ్చు. మా తాత ముచ్చటకు ముందు అలంకారంగా పెట్టిన పాటకు మాత్రం వాదించడానికి ఏమీ లేదు. సెకన్లు లెక్కపెట్టడం కాదు, ఎందుకు వాడుతున్నామన్నది చూస్తారు.

ఇంకోటి నాకు ఇంతకుముందు తెలియనిది. పాట ఒక్కటే అనుకుంటాం, చట్టం దృష్టిలో అది ఒకటి కాదు. మాటలు సాహిత్య రచన, బాణీ సంగీత రచన, మనం వినే రికార్డింగు మూడోది. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు కళాకారుల హక్కు అని విడిగా మళ్లీ ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో గడువు. రాసినవారికీ బాణీ కట్టినవారికీ బతికున్నంత కాలం, చనిపోయాక ఆ మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. రికార్డింగుకు అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు.

దీన్ని కాగితం మీద వేసి చూస్తేనే బుర్రకెక్కింది. తమ్ముడు "పాతవాటికి కాపీరైట్ పోయింది కదక్కా, మాయాబజార్ పాట పెడదాం" అన్నాడు. సరే, లెక్క వేద్దామన్నాను. సినిమా 1957ది. రికార్డు కూడా అదే ఏడు వచ్చిందనుకుంటే రికార్డింగు హక్కు 2017 చివరికి తీరిపోయింది. అక్కడిదాకా వాడన్నది నిజం. కానీ మాటలు పింగళి నాగేంద్రరావు గారివి, ఆయన 1971లో పోయారు, అంటే 2031 చివరిదాకా హక్కు ఉంది. సంగీత దర్శకుడిగా పేరున్న ఘంటసాల గారు 1974లో పోయారు, బాణీకి 2034 చివరిదాకా. మూడింటిలో ఒకటి తీరినా రెండు బతికే ఉన్నాయి. తమ్ముడు ఆ కాగితాన్ని కాసేపు చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పైగా ఇదంతా మన దేశం లెక్క. మా ఎపిసోడ్ విన్న కొద్దిమందిలో సగం మంది అమెరికాలో ఉన్న మా ఊళ్ల పిల్లలే. అక్కడి లెక్క వేరు. రికార్డింగుల విషయంలో 1923కి ముందువి అన్నీ కలిపి 2022 జనవరి 1న హక్కు నుంచి బయటపడ్డాయి, ఆ తర్వాతవి ఏడాదికి కొన్ని చొప్పున వస్తున్నాయి. అంటే మన దగ్గర హక్కు తీరిన రికార్డు అక్కడ ఇంకా ఎన్నో ఏళ్లు ఎవరిదో సొత్తుగా ఉండొచ్చు. పాడ్‌కాస్టుకు సరిహద్దు ఉండదు కాబట్టి రెండు లెక్కలూ చూడాల్సిందే.

దుకాణానికి వచ్చే ఒక అన్న "ఎఫ్ఎం వాళ్లు రోజూ వేస్తలేరా, వాళ్లకు లేని బాధ మీకెందుకు" అన్నాడు. వాళ్లూ డబ్బు కట్టే వేస్తారు. రేడియో, టీవీల కోసం 31డీ సెక్షన్‌లో ఒక ఏర్పాటు ఉంది, హక్కుదారు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నిర్ణయించిన రాయల్టీ కట్టి వేసుకోవచ్చు. ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే సర్వీసుకు ఆ ఏర్పాటు వర్తించదని 2019లో బాంబే హైకోర్టు చెప్పింది, 2022లో అదే కోర్టు ధర్మాసనం కూడా దాన్నే నిలబెట్టింది. ఆ దారి మాలాంటివాళ్లకు లేదు. సరిగ్గా చేయాలంటే రికార్డింగుకు ఆడియో కంపెనీని అడగాలి, మాటలకూ బాణీకీ రచయితలు, స్వరకర్తలు, పబ్లిషర్ల తరఫున ఉన్న ఐపీఆర్‌ఎస్ లాంటి సొసైటీనో నేరుగా హక్కుదారునో అడగాలి. ఆ సొసైటీ 1969 నుంచి ఉందట, నాకు ఈ వారం దాకా పేరు కూడా తెలియదు. మా బడ్జెట్ మొత్తం ఒక కాలర్ మైకు, నెలకు రెండు మూడు సార్లు బండి పెట్రోలు. సినిమా పాట ఆలోచన ఈరోజుతో మానేశాం.

నవంబర్ 24

క్రియేటివ్ కామన్స్. తమ్ముడు కాలేజీలో ఎవరినో అడిగి తెలుసుకొచ్చాడు. సంగీతం చేసినవాళ్లే ముందుగా "ఈ షరతుల మీద ఎవరైనా వాడుకోవచ్చు" అని అనుమతి రాసి పెడతారు. మొదటి లైసెన్సులు 2002లో వచ్చాయి, ఇప్పుడు ఎక్కువగా కనిపించేది 4.0 రకం.

షరతులు అక్షరాల్లో ఉంటాయి, అవి చూడకుండా దించుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. బీవై అంటే పేరు చెప్పాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వద్దు. ఎన్‌డీ అంటే మార్చి పంచుకోవద్దు. ఎస్‌ఏ అంటే దాన్ని మార్చి ఏదైనా తయారుచేస్తే అదీ ఇదే లైసెన్స్ కింద ఇవ్వాలి. సీసీ జీరో అంటే హక్కులన్నీ వదిలేశారు, పేరు కూడా చెప్పనక్కర్లేదు, కానీ మేం చెప్తాం.

ఇక్కడొక మెలిక ఉంది, ఇది తెలియక చాలామంది ఇరుక్కుంటారని నాకనిపిస్తుంది. మేం ఎపిసోడ్‌ను రెండు చోట్ల పెడతాం, ఆడియో యాపుల్లో ఒకసారి, చెరువు వీడియో ముక్కలు కలిపి ఇంకోసారి. పాటను కదిలే బొమ్మకు జత చేస్తే అది ఎప్పుడైనా సరే మార్పు చేసిన రచన కిందికే వస్తుందని 4.0 లైసెన్స్ పాఠంలోనే రాసుంది. అంటే ఎన్‌డీ ఉన్న ట్రాకును ఆడియోలో ఉన్నదున్నట్టు వాడగలిగినా, అదే ఎపిసోడ్ వీడియోలో వాడకూడదు. ఎస్‌ఏ ట్రాకయితే మా వీడియోను కూడా అదే లైసెన్స్ కింద వదలాలి. తాతల మాటలను అలా వదిలే హక్కు మాకు లేదు, ఆ ఒప్పందం వాళ్లతో చేసుకోలేదు. అందుకే మాకు పనికొచ్చేవి బీవై, సీసీ జీరో, డబ్బు రానంతవరకు ఎన్‌సీ, అంతే.

కెవిన్ మెక్‌లియోడ్ అనే అమెరికా సంగీతకారుడు తన ఇన్‌కాంపెటెక్ సైటులో పెద్ద రాశి పెట్టాడు, బీవై 4.0 కింద. అందులో ఒక పియానో ముక్క తీసుకుని రెండో ఎపిసోడ్ మొదట్లో పెట్టాం. చప్పుళ్ల కోసం ఫ్రీసౌండ్ అనే సైటు చూశాం. అది బార్సిలోనాలోని పొంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో మొదలుపెట్టింది, అక్కడ ఒక్కో శబ్దానికి ఒక్కో లైసెన్స్ ఉంటుంది, పక్కపక్కనే ఉన్నా ఒకటి సీసీ జీరో, ఇంకొకటి ఎన్‌సీ. నీళ్ల చప్పుడు ఒకటి దించుకున్నాం, విన్నాం, తీసేశాం. ఎక్కడో చల్లని దేశం వాగు అది. మా తూములో నీళ్లు అలా పారవు, ముందు గుడగుడమని లోపల కొట్టుకుని తర్వాత ఒక్కసారి దూకుతాయి.

డిసెంబర్ 8

తప్పు మాదే. రెండో ఎపిసోడ్ కింద వివరణలో మెక్‌లియోడ్ పేరు రాయడం మరిచిపోయాం. ఎడిట్ అయ్యేసరికి రాత్రి 1 దాటింది, నిద్రమత్తులో పెట్టేసి పడుకున్నాం. నిన్న పాత వివరణలు తిరగేస్తుంటే కనిపించి గుండె జారింది. పేరు చెప్పడమే ఆ లైసెన్స్‌కు ధర, అది కట్టలేదంటే అనుమతే లేనట్టు. 4.0లో ఒక వెసులుబాటు ఉంది, తప్పు మనకు తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో సరిచేసుకుంటే హక్కు దానంతటదే తిరిగి వస్తుంది. పాత రకం లైసెన్సుల్లో ఇది లేదు. వెంటనే దిద్దాం. ట్రాకు పేరు, చేసినవారి పేరు, ఎక్కడ దొరికింది, ఏ లైసెన్స్, దాని లింకు, చివర "మొదటి 18 సెకన్లు మాత్రమే తీసుకుని చివర శబ్దం తగ్గించాం" అని. మార్పు చేస్తే చేశామని చెప్పడం కూడా షరతే.

ఆడియో వినేవాళ్లలో చాలామంది కింద వివరణ తెరవరు. అందుకే ఎపిసోడ్ చివర నోటితో కూడా చెప్తున్నాం.

డిసెంబర్ 22

మూడో ఎపిసోడ్ మీద కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఈసారి సినిమా పాట లేదు, ఏమీ లేదు, "రాయల్టీ ఫ్రీ" అని పెద్దక్షరాలతో రాసున్న ఒక సైటు నుంచి తెచ్చిన వేణువు ముక్క. అదే ముక్కను ఇంకెవరో తమదని నమోదు చేసుకున్నారు, మేం ఎపిసోడ్ పెట్టిన వేదికలోని యంత్రం మా ఎపిసోడ్‌లో దాన్ని గుర్తుపట్టింది. మనిషి ఎవరూ వినలేదు, యంత్రమే పోల్చి చూసి పట్టుకుంటుంది. యూట్యూబ్ ఇలాంటి పద్ధతిని 2007లోనే తెచ్చింది, కంటెంట్ ఐడీ అంటారు.

అనుమతి ఉందని చూపించమన్నారు. సైటుకు వెళ్లి చూస్తే ఆ పేజీయే లేదు. మేం దించుకున్న రోజు ఏం రాసుందో మా దగ్గర ఏ ఆధారమూ లేదు. తీసేశాం. ఇంతకీ రాయల్టీ ఫ్రీ అంటే కాపీరైట్ లేదని అర్థం కాదు, ఊరికే వస్తుందనీ కాదు. ఒకసారి తీసుకున్నాక వాడిన ప్రతిసారీ కట్టనక్కర్లేదని మాత్రమే, హక్కు మాత్రం చేసినవాళ్లదే.

దుకాణంలో అప్పు పద్దులు రాసే పొడుగు పుస్తకం ఒకటి తీసి అప్పటికప్పుడే గీతలు గీశాను. ట్రాకు పేరు, ఎవరిది, లింకు, లైసెన్స్, దించిన తేదీ, ఏ ఎపిసోడ్‌లో ఎన్నో నిమిషంలో వాడాం. లైసెన్స్ పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ప్రింటు కొట్టి, పక్క పేజీలో అతికిస్తున్నా. ప్రింటర్ ఇంట్లోనే ఉన్నప్పుడు ఇంత పని ముందే ఎందుకు చేయలేదో.

ఇదే వారం ఎరువుల దుకాణం అన్న వచ్చి "మీ చెరువు ముచ్చట్లు రైతులే ఇంటున్నరు, నా దుకాణం పేరు ఒక్కసారి చెప్పు, నెలకు 2 వేలిస్త" అన్నాడు. సంతోషమే, పెట్రోలు ఖర్చు గట్టెక్కుతుంది. ఒప్పుకునే ముందు పుస్తకం తీసి చూశాను. నాలుగో ఎపిసోడ్ కోసం తమ్ముడు ఎంచిన ట్రాకు ఎన్‌సీ. ప్రకటన తీసుకుంటే అది వాడకూడదు. ట్రాకు మార్చేశాం, అన్నకు సరేనన్నాం. పుస్తకం మొదలుపెట్టిన నాలుగో రోజే పనికొచ్చింది.

జనవరి 5

ఆ పియానో తీసేద్దామని ఇద్దరికీ ఒకేసారి అనిపించింది. తప్పేం లేదు దాంట్లో, మంచి సంగీతమే. కానీ దాని వెనకే తాత "ఏం జెప్పాలె బిడ్డా" అని మొదలుపెడితే అతకడం లేదు. మా ఊళ్లో దప్పు కొట్టే కాక ఉన్నాడు, పోయి అడిగాం.

ఆ రికార్డింగు గురించి కొంచెం వివరంగా రాసుకోవాలి, మళ్లీ చేసేటప్పుడు మాకే కావాలి.

కాక ముందు వరిగడ్డి తెచ్చి మంట పెట్టాడు. దప్పును ఆ సెగకు చూపిస్తూ తిప్పుతాడు, మధ్యమధ్యలో వేళ్లతో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. మొదట డబ్బు డబ్బుమని మెత్తగా ఉన్న తోలు, సెగ తగిలిన కొద్దీ బిగుసుకుని కంగున పలుకుతుంది. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. చిర్రతో పెద్ద దెబ్బ, పుల్లతో సన్నని చిటపట. ఆ రెండూ కలిస్తేనే దరువు.

ఫోనుతో చేసిన మొదటి టేకు పాడయింది. ప్రతి పెద్ద దెబ్బకూ ఫోను తనంతట తానే శబ్దం తగ్గించేసుకుంటుంది, వెనకొచ్చే పుల్ల చప్పుడు మింగేస్తుంది. ఆ సదుపాయం ఆపేసే రికార్డర్ యాపు వేసుకుని, మైకును 2 అడుగుల దగ్గర నుంచి 5 అడుగుల దూరానికి జరిపాం, శబ్దం మీటరు మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆగేలా పెట్టాం. గది గోడలకు గోనె సంచులు కట్టాం, మోత తగ్గింది. మూడో టేకు బాగా కుదిరింది, కానీ ఒకచోట బయట ట్రాక్టర్ పోయింది, ఆ ముక్క కోసి ఐదో టేకుతో అతుకుదామనుకున్నాం. కుదరలేదు. ఆ మధ్యలో దప్పు చల్లారి తోలు కొంచెం సడలింది, శ్రుతి దిగింది, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు దప్పుల్లా వినిపించాయి. కాకకు చెప్తే "మరి సలువకు దిగదా, మళ్లీ కాపాలె" అని లేచి గడ్డి తెచ్చాడు. ప్రతి టేకుకు ముందు సెగ చూపించడమే పద్ధతి. చివరికి 40 సెకన్ల శుభ్రమైన దరువు దొరికింది.

జనవరి 19

యాసంగి నాట్లు నడుస్తున్నాయి. పెద్దమ్మ వాళ్ల మడిలో ఐదుగురు ఆడవాళ్లు నాటు వేస్తూ పాడుతుంటే గట్టు మీద మైకు పెట్టుకుని కూర్చున్నాం. బురదలో కాళ్లు తీసి వేసే చప్పుడు, పాట, దూరంగా మోటారు. 3 గంటలు రికార్డు చేశాం. ఇంటికొచ్చి వింటుంటే తమ్ముడు అన్నాడు, "ఇది జానపదం కదక్కా, ఎవరిదీ కాదు, మనం రికార్డు చేసినం కాబట్టి మనదే, క్లెయిమ్ రాదు".

నేనూ ఔననబోయాను. అప్పుడు ఆగి ఆలోచిస్తే సిగ్గనిపించింది. 2 నెలలుగా మేం ఇంత చదివింది ఎందుకు? కంపెనీ ఆపేస్తుందని, యంత్రం పట్టుకుంటుందని. పెద్దమ్మ ఏ వేదికకూ ఫిర్యాదు చేయదు, ఆమెకు ఆ యాపే లేదు. అందుకని ఆమెను అడగకుండా తీసుకోవచ్చా? చట్టం కూడా అలా అనలేదు. రికార్డింగు మా చొరవతో చేసింది కాబట్టి అది మాది, నిజమే. పాత పాటకు రాసినవారు తెలియదు, గడువు ఎప్పుడో తీరింది, అదీ నిజమే. కానీ పాడినవాళ్లకు 38వ సెక్షన్ కింద కళాకారుల హక్కు ఉంది, 50 ఏళ్లు. వాళ్ల ఒప్పుదల లేకుండా ఆ పాటను జనంలోకి పంపకూడదు. 2012 సవరణ 38బీ అని ఇంకొకటి కలిపింది, కళాకారుడిగా పేరు చెప్పించుకునే హక్కు. పొలంలో పాడినా, సభలో పాడినా ఇదే.

పైగా పెద్దమ్మ పాటలో మధ్యలో మోటారు కాలిపోయిన రాత్రి పెదనాన్న బావి దగ్గరే పడుకున్న సంగతి వస్తుంది. తాతల కాలం పాటలో మోటారు ఎక్కడిది? అడిగితే నవ్వి "అది నేను కట్టిందే, వాళ్లు అందుకున్నరు" అంది. ఆ చరణానికి రచయిత్రి ఆమె. బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. సినిమా కవికి ఎంతో ఆమెకూ అంతే.

బతుకమ్మ పాటలైనా ఇదే తీరు, పాట పాతదే, నెట్‌లో ఉన్న రికార్డింగు పోయినేడుది. త్యాగరాజు 1847లో పోయారు, కృతి అందరిదీ, క్యాసెట్లో ఉన్న కచేరీ మాత్రం అందరిదీ కాదు. కిన్నెర గురించి ఎపిసోడ్ చేద్దామని తమ్ముడు ఒక వీడియో నుంచి క్లిప్ కోసి పెట్టుకున్నాడు, దాన్నీ తీసేయించాను. నాగర్‌కర్నూల్ వైపు పోయి వాయించేవాళ్లనే కలుద్దాం, ఎంత దూరమని.

సాయుధ పోరాటం నాటి చెరువు గొడవల మీద ఒక ఎపిసోడ్ అనుకున్నాం, అందులో సుద్దాల హనుమంతు గారి పాట పాడిద్దామని పెద్దవాళ్లు అడిగారు. మా జిల్లా గాలిలో ఉన్న పాటలవి, చిన్నప్పటి నుంచి జనం పాటలనే విన్నాం. ఆయన 1982లో పోయారు, లెక్క ప్రకారం 2042 చివరిదాకా హక్కు ఉంది. ఉద్యమం పాటయినా రాసిన మనిషి ఉన్నాడు. అనుమతి అడిగాకే చేద్దామని ఆ ఎపిసోడ్ పక్కన పెట్టాం.

ఫిబ్రవరి 2

కాకతో, పెద్దమ్మ వాళ్లతో చేసుకునే అనుమతి కాగితం రాశాం. నాలుగు సార్లు తిరగరాసి ఒక్క పేజీలోకి తెచ్చాను, పెద్దక్షరాల తెలుగులో.

ఇందులో నేను ఎక్కువసేపు కూర్చున్నది రెండు వాక్యాల మీద. ఎంతకాలం, ఎక్కడ అన్నవి రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం 5 ఏళ్లు, భారతదేశం అని అనుకోవాలి. 30ఏ ద్వారా ఆ నియమాలు లైసెన్సులకూ వర్తిస్తాయి. నోటిమాట మీద పోతే, లేదా "వాడుకోవచ్చు" అని ఒక్క ముక్క రాయించుకుంటే, అమెరికాలో వినే పిల్లల దగ్గరే మా అనుమతి తేలిపోతుంది. అందుకే "ప్రపంచమంతటా, 10 ఏళ్లు, తర్వాత మళ్లీ అడగాలి" అని స్పష్టంగా రాశాం. ఈ పాడ్‌కాస్టుకు, దాని వీడియోకు మాత్రమే. ప్రకటన వెనక వాడం. వేరేవాళ్లకు ఇవ్వం. వాళ్లు ఇంకెక్కడైనా పాడుకోవచ్చు, వాయించుకోవచ్చు, ఇంకెవరికైనా ఇచ్చుకోవచ్చు. ఈ ముక్కతో విడిగా డబ్బు వస్తే సగం వాళ్లకు. ప్రతిసారీ పేరు చెప్తాం.

కాకకు 2 వేలు, పెద్దమ్మకు 1,000, మిగతా నలుగురికి తలా 500 ఇచ్చాం. ఎరువుల అన్న ఇచ్చిన 2 నెలల డబ్బు అందులోకే పోయింది. ఎవరూ అడగలేదు, పెద్దమ్మ అయితే తీసుకోవడానికి ఒప్పుకోలేదు, "పాటకు పైసలేంది, కాయితమేంది బిడ్డా" అని కొంగు చాటున చేతులు పెట్టుకుంది.

"మీ పాట మేం వాడుకుంటున్నం పెద్దమ్మా. రేపు ఎవరన్న మాదని వస్తే నీది అని చెప్పనీకి ఇది ఉండాలె" అన్నాను.

"నా పేరు చెప్తవా అండ్ల?"

"చెప్తం. నువ్వు కట్టిన చరణం నువ్వే కట్టినవని కూడా చెప్తం."

కాసేపు ఊరుకుంది. తర్వాత కాగితం మొత్తం చదివి వినిపించమంది. గట్టిగా చదివాను, ఐదుగురూ విన్నారు, ఒకామె 10 ఏళ్లయ్యాక మేం లేకుంటే ఎవరిని అడుగుతారని అడిగింది. మంచి ప్రశ్న, మాకు తట్టలేదు. "మా పిల్లలను" అని చేర్చాం. ముగ్గురు సంతకం పెట్టారు, ఇద్దరు వేలిముద్ర వేశారు. వేలిముద్ర వేసినవాళ్ల దగ్గర, చదివి చెప్పింది అర్థమైందని వాళ్ల నోటితోనే రికార్డు చేసుకున్నాం. రెండో ప్రతి తీసి లామినేషన్ చేసి వాళ్లకే ఇచ్చాను. మాకు సంతకాలు పెట్టించుకుని వాళ్ల చేతిలో ఏమీ లేకుండా రావడం నాకు నచ్చదు.

నీరటి తాతలతో కూడా ఇలాంటిదే చేసుకోవాలి, ఇన్ని రోజులు వాళ్ల నోటిమాట మీదే నడిపాం. ఫాం తయారుగా ఉంది, ఈ నెలలో నలుగురినీ తిరిగి కలవాలి.

ఫిబ్రవరి 16

మొదటి ఎపిసోడ్ మళ్లీ పెట్టాం. కాక దరువు 12 సెకన్లు, దాని మీద సన్నగా నాట్ల పాట, తర్వాత తాత గొంతు. తూము చప్పుడు కూడా మాదే, పానగల్ పోయి నీళ్లు వదిలే పొద్దున రికార్డు చేసుకొచ్చాం. 3 రోజులు గడిచాయి, ఏ క్లెయిమూ లేదు.

ఫోను పట్టుకుని తాత దగ్గరికి పోయాం. కట్ట మీదే కూర్చుని విన్నాడు, మధ్యలో రెండుసార్లు తన మాటను తానే సరిదిద్దుకున్నాడు, ఫలానా ఏడు గండి పడింది ఇటుపక్క కాదు అటుపక్క అని. అది వచ్చే ఎపిసోడ్ మొదట్లో చెప్పాలి, పుస్తకంలో రాసుకున్నా. చివర పేర్లు వస్తున్నప్పుడు ఆపొద్దని చేయి అడ్డం పెట్టాడు. కాక పేరు, పెద్దమ్మ పేరు, ఆ నలుగురి పేర్లు, ఊరి పేరు అన్నీ అయిపోయాక "గీ దప్పు కొట్టినాయన తండ్రి నాకు ఎరుకే, చెరువు అలుగు పోస్తే ఊరంతా తిరిగి దండోరా ఏసేటోడు" అన్నాడు. మా దగ్గర మైకు లేదు ఆ టైంలో. ఫోనులోనే రికార్డు నొక్కాను, ముందు అడిగి.

రెండో ఎపిసోడ్‌లో ఇంకా పియానోయే ఉంది, దాన్ని మార్చాలి. మూడోది వేణువు తీసేశాక మొదట ఏమీ లేకుండా బోసిగా ఉంది. కాక వచ్చే ఆదివారం ఖాళీయేనన్నాడు, అలుగు దండోరాకు వేరే దరువు ఉంటుందట, అది కొడతానన్నాడు. ఈసారి గడ్డి మోపు మేమే తీసుకొస్తామని చెప్పాం.